ఇంటి పాదుకు రెండో కాయ

నమోదు 1

నీటివలస నివాసులు తమ ఇళ్ల యోగక్షేమాలను ఎప్పటికప్పుడు రాసి ఉంచాలని, ఇంటికి కృతజ్ఞతలు చెప్పాలని నిబంధన. కాయల శాఖ ఉత్తర ప్రత్యుత్తరాల విభాగంలో తల నెరిసిన దాన్ని కనుక రాయడం నాకు శ్రమ కాదు. ఈ గృహంలో నివసించువారు: నేను, రొంగలి వరహాలమ్మ, నా భర్త తవిటినాయుడు, ఆయన తల్లి అసిరమ్మగారు. ఈ ముగ్గురినీ కడుపులో పెట్టుకుని సముద్రం మీద తేలుతున్నది ఒక ఆనపకాయ.

ఇల్లు ఆరోగ్యంగా ఉంది. తొడిమ పచ్చగా ఉంది. గోడ మీద బొటనవేలి గోరు నొక్కితే ఇట్టే దిగుతోంది. నేల ఉన్న కాలంలో సంతలో కాయ లేతదా ముదురుదా అని పెద్దలు చేసిన పరీక్షే ఇది. ఇప్పుడు శాఖవారు చేస్తున్నారు.

సమస్యలు: వంటగది గోడలోంచి నులితీగ ఒకటి బయలుదేరి ఆవకాయ జాడీ మెడకు చుట్టుకుంది. జాడీని విడిపించే ప్రయత్నంలో మూత పగిలింది. స్నానాల గదిలో ఆడపువ్వులు విచ్చుకోబోతున్నాయి. పొద్దు వాలేలోగా తుంచకపోతే పిందె పడుతుంది. ఒక పాదుకు ఒకే ఇల్లు అన్నది నీటివలస మూలసూత్రం కాబట్టి తుంచాను. తుంచినందుకు ఇల్లు అలిగి, పడకగది కప్పు నుంచి మా మీద నీళ్లు కార్చింది. పువ్వులను శనగపిండిలో ముంచి వేయించాను. బాగున్నాయి. ఇందుకు ఇంటికి కృతజ్ఞతలు.

నమోదు 2

ఈ గృహంలో ఒక కళాకార్యం కూడా జరుగుతున్నట్టు తెలియజేసుకుంటున్నాను. నేను తంబురా చేస్తున్నాను. ఇంతకు ముందు నేను చేసిన వాద్యాలేవీ లేవు. అయినప్పటికీ చేస్తున్నాను. కారణం రాయకపోతే పై అధికారులు అడుగుతారు కాబట్టి రాస్తున్నాను.

మా అత్తగారికి చెవులు వినిపించడం మానేశాయి. పూర్తిగా కాదు. ఆవిడ గోడకు వీపు ఆనించి కూర్చుంటారు; ఇల్లు వేళ్లతో నీళ్లు తాగే గుటకలు ఎముకల్లోంచి వింటారు. ఆవిడతో మాట్లాడాలంటే మేమూ గోడకే నోరు ఆనించి మాట్లాడతాం. అవతలి గదిలో ఉన్నా వినబడుతుంది. మా ఆయన గోడకు దూరంగా నిలబడి గొణిగే అలవాటు అప్పుడే చేసుకున్నాడు.

అత్తగారికి ఒక పాట ఉంది. నేల మునగకముందు వాళ్ల ఊరి మీదుగా తిరిగిన బస్సు పాట అది. బస్సు ఆగే వరసలో ఊళ్ల పేర్లు వస్తాయి. ఏ ఊళ్లో ఎవరు ఎక్కారు, ఏ బుట్టలో ఏముంది, కండక్టరు ఎవరిని తిట్టాడు, అన్నీ ఉంటాయి. గుల్లలపేట, మొగిలివలస, ఉప్పుగెడ్డ, రెల్లిపాలెం. ఆ ఊళ్లన్నీ మా ఇంటి కిందే ఎక్కడో ఉన్నాయి. పడుచుతనంలో ఆవిడే కట్టిన పాట. ఇంకెవరికీ రాదు. ఏటా పాదు పండుగ నాడు మా వరస ఇళ్ల భజన బృందంలో ఆవిడే ఎత్తుకునేవారు.

శృతి చెవికి ఆనకపోవడంతో నిరుడు పాట మొగిలివలస దగ్గర దారి తప్పింది. మిగిలినవాళ్లు సర్దబోయి ఇంకా చెడగొట్టారు. ఈమధ్య బృందం పెద్ద గున్నమ్మ మా ఇంటికి వచ్చి, గోడకు నోరు పెట్టి, అక్క వరసతో పిలిచి, ఎంతో మర్యాదగా చెప్పింది.

"అసిరప్పా, ఈ ఏడు నువ్వు తాళం ఎయ్యి సాలు. పాట మరోటేదో మేం సూసుకుంటాం."

అత్తగారు సరేనన్నారు. ఆ తర్వాత రెండు పూటలు అన్నం తినలేదు. అడిగితే అరగలేదన్నారు.

వీపుకు ఆనించుకుని వాయించే పెద్ద తంబురా ఒకటి ఉంటే శృతి ఎముకల్లోంచి వెళుతుందని నా అంచనా. పండుగ లోపల చేయాలి. ఆవిడకు చెప్పలేదు. పూర్తవుతుందన్న నమ్మకం నాకే లేనప్పుడు ఇంకొకరికి ఇవ్వడం సబబు కాదు.

నమోదు 3

సామగ్రి వివరాలు. తంతులు కట్టే దండికి: విరిగిన పడవ తెడ్డు. నీటివలసలో కొయ్య దొరకడం కష్టం. తెడ్డు ఇచ్చిన పొరుగువారికి కృతజ్ఞతలు. వారు ఇవ్వలేదు, నీళ్లలో కొట్టుకొచ్చింది, అయినా కృతజ్ఞతలు. తంతులకు: పాత సైకిల్ బ్రేకు తీగ విప్పి తీసిన పోగులు. కింద నాదం నిండే బోలు బుర్రకు: ఆనపకాయ.

ఇక్కడే చిక్కు వచ్చింది. చుట్టూ కనుచూపు మేర ఆనపకాయలే, అన్నింట్లోనూ మనుషులున్నారు. కాబట్టి మా ఇంటి పాదుకే ఒక చిన్న కాయను పెంచుకునేందుకు అనుమతి కోరుతూ శాఖకు దరఖాస్తు పెట్టాను. ఆ దరఖాస్తు నా బల్ల మీదికే వచ్చింది. యోగ్యమైనదిగా భావించి పైకి పంపాను. పైవారు, కింది విభాగం పరిశీలించినదే కదా అని సంతకం చేశారు. అలా ఇద్దరమూ ఒకరి మీద ఒకరం నమ్మకం ఉంచాం. పరిపాలన అంటే అదే.

స్నానాల గది కిటికీ అవతల ఒక ఆడపువ్వును తుంచకుండా వదిలాను. పిందె పడింది. అత్తగారి కంట పడకుండా ఆకులు కప్పాను. గట్టి బుర్ర కావాలంటే కాయ పాదు మీదే ముదరాలి కాబట్టి, విత్తనాలకు వదిలినట్టు వదిలేశాను.

నమోదు 4

ఇంట్లో ఇబ్బందులు పెరిగాయి. తెడ్డుకు తంతులు మెలిపెట్టే బిరడాలు బిగించి జిగురు ఆరబెడితే కప్పు సరిగ్గా దాని మీదే కారింది. చోటు మార్చాను. ఇల్లు కూడా మార్చింది. పనిలో ఉండగా నులితీగ ఒకటి వచ్చి ఉలిని పట్టుకుపోయింది. దాన్ని గోడలోంచి లాగడానికి నా భర్త సహాయం తీసుకోవలసి వచ్చింది. ఆయన సహాయం అంటే, పక్కన నిలబడి, మామూలు ఆడవాళ్లు ఊరగాయలు పెట్టుకుంటారు అనడం. ఊరగాయ జాడీకి మూత లేదని గుర్తు చేశాను. ఆయన గోడకు దూరంగా వెళ్లాడు.

నడవలో తేనెటీగలు. నీళ్లు పోయే కాలువలో పాదు జిగురు. అన్నం ఉడుకుతుండగా వంటగది నేల ఒక పక్కకు ఉబ్బి, గిన్నె దానంతటదే పొయ్యి దిగింది.

నమోదు 6

అయిదో నమోదు లేదు. ఆ రోజు కప్పు కాగితం మీద కారింది.

నమోదు 7

ఈ నమోదు సంతోషంతో రాస్తున్నాను. కప్పు కారడం ఆగింది. ఇంటికి వచ్చినప్పటి నుంచి మా పడక పొడిగా ఉండడం ఇదే మొదటిసారి. నా భర్త ఆ సంతోషంలో పొద్దెక్కేదాకా నిద్రపోయి, నాచు పొలంలో హాజరు పోగొట్టుకున్నాడు. స్నానాల గదిలో పువ్వులు లేవు. తేనెటీగలు తమంతట తామే సెలవు తీసుకున్నాయి. జాడీని పట్టుకున్న నులితీగ ఎండి, ముట్టుకుంటే రాలిపోయింది.

తంబురా దండి పూర్తయింది. నాలుగు తంతులూ ఎక్కాయి. తంతులు ఆనే గుర్రాన్ని తాబేటి చిప్ప ముక్కతో చెక్కాను. ఇక బుర్ర ఒక్కటే కావాలి. కిటికీ అవతల అది నా తలకు రెట్టింపు అయింది.

మా మీద దయ చూపి, సృజనకు అవకాశం కల్పించిన ఇంటికి హృదయపూర్వక కృతజ్ఞతలు. ఈ వాక్యం నిబంధన కోసం రాసింది కాదు.

నమోదు 8

చిన్న కాయ ముదిరిందేమోనని వేలితో కొట్టి చూశాను. ఇంకా పచ్చిగా, మెత్తగా పలికింది. వెనక్కి తిరుగుతూ అలవాటుగా ఇంటి గోడ మీద కొట్టాను. గోడ ఖంగుమంది.

గోరు నొక్కాను. దిగలేదు. వంటగదిలో నొక్కాను, నడవలో నొక్కాను. దిగలేదు. తొడిమ దగ్గరికి ఎక్కి చూశాను. నిన్నటిదాకా పచ్చగా ఉన్నది గడ్డిరంగుకు తిరిగింది.

దాచి లాభం లేదని అత్తగారి దగ్గరికి వెళ్లి, గోడకు నోరు ఆనించి, పాదుకు రెండో కాయను వదిలిన సంగతి చెప్పాను. ఎందుకు వదిలానో చెప్పలేదు. ఆవిడ గోడకు వీపు ఇంకా గట్టిగా ఆనించారు. అప్పటికే గుటకలు వినబడక దిగులుగా ఉన్నారట. తన ఎముకలు కూడా చెవిటివైపోయాయని అనుకున్నారట.

"ఏటే కోడలా, ఇత్తనానికి కాయ ఒగ్గేసినావా? పిల్లలు ఎదిగొచ్చీసినారని పాదు పని సాలించీసింది. ఇంక నీల్లు తాగదు. దాన్దేటి తప్పు?"

పెరట్లో ఒక్క పాదు పెట్టిన ఎవరికైనా తెలిసిన విషయం. విత్తనానికి ఒక కాయ వదిలితే ఆ పాదు కాపు ముగించి ఎండడం మొదలుపెడుతుంది. నీటివలసలో పెరడు ఉన్నవాళ్లు లేరు. ఒక పాదుకు ఒకే ఇల్లు అన్న సూత్రం ఎందుకు పెట్టారో రాసిపెట్టినవాళ్లూ లేరు. రెండో కాయ ఉంటే ఇంటికి నీళ్లు చాలవేమోనని శాఖలో మేమంతా అనుకునేవాళ్లం. నీళ్లకు కొదవ లేదు కదా అని నేను దరఖాస్తులో వాదించాను కూడా. వాదన బాగుందని పైవారు పక్కన గీత గీశారు.

మా భోజనాల దగ్గర నా భర్త నమోదు విషయం ఎత్తాడు. "ఇల్లు బాగుపడిందని రాస్తావా, సచ్చిపోతందని రాస్తావా? ఏదో ఒకటే రాయి మరి."

నమోదు 9

చిన్న కాయను కోసేశాను. తంబురా పోయినా ఇల్లు నిలవాలి కదా అని. పిల్లలు లేరని తెలిస్తే పాదు మళ్లీ పనిలోకి వస్తుందని ఆశ. కత్తి పెట్టేముందు కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. మంచి ఆకారం. మెడ దగ్గర సన్నగా, కింద నిండుగా. ఇంత మంచి బుర్ర కొనగలిగినవాళ్లకు కూడా దొరకదు.

కోసిన కాయ మూడోనాటికి ఒక పక్క లోపలికి పోయింది. నీళ్లలో వదిలేశాను. పాదు పనిలోకి రాలేదు.

నమోదు 10

కాయల శాఖ పర్యవేక్షకులు దుంపల సన్యాసిరావుగారు తనిఖీకి వచ్చారు. పరీక్ష కోసం ఆయన కుడి బొటనవేలి గోరును ప్రత్యేకంగా పెంచుతారు. దానికి శాఖ నుంచి నూనె భత్యం ఉంది. మా గోడ మీద నొక్కారు. గోరు విరిగింది. ఆయన దాన్ని కాసేపు చూసుకుని, రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నారు. ఎడమ చేత్తో నొక్కబోయి విరమించుకున్నారు.

ముదిరిన ఇంట్లో మనుషులు ఉండకూడదని, పండుగ మర్నాడు ఖాళీ చేయాలని, ఇంటిని లాక్కెళ్లి ఎరువు దిబ్బల్లో కలుపుతారని చెప్పారు. ముదిరిన ఇంట్లో ఎందుకు ఉండకూడదని నా భర్త అడిగాడు.

"ఇంతవరకు ఎవరూ ఉండలేదు కదండీ," అన్నారు సన్యాసిరావుగారు.

అది నేను రాసిన వాక్యమే. నిబంధనల పుస్తకంలో నా చేతివ్రాత.

మాకు కేటాయించింది వరస చివర ఒక పిందె. వెళ్లి చూసి వచ్చాం. ముగ్గురం నిలబడితే ఒకరి మోచెయ్యి ఇంకొకరి కడుపులో ఉంటుంది. అది పెరుగుతుంది కాబట్టి దానికి విచారం లేదు. గోడ మీద చెయ్యి వేస్తే దూదిలో వేసినట్టు దిగింది. గోడకు నోరు ఆనించి, లోపల కూర్చున్న అత్తగారిని పిలిచాను. పలకలేదు. మా ఆయన పిలిచాడు. పలకలేదు. మాట మోసేంతగా గట్టిపడడానికి ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు మా మాట గాని, ఇంకే చప్పుడు గాని ఆవిడకు చేరదు. ఆవిడకు డెబ్బై తొమ్మిదేళ్లు.

ఆవిడ పిందె గోడను చేత్తో తడిమి, ఇల్లు బాగుందని అన్నారు. అంతటికీ కారణం నేను. మంచి చేయబోయి చేశాను. అయినా కారణం నేనే.

నమోదు 11

పండుగ పూట. సామాన్లు కట్టే పని పెట్టుకున్నాం. గున్నమ్మ బృందం బయట పడవల్లో ఎక్కడో సాధన చేస్తోంది. పనికిరాని దండిని అవతల పారేయమని నా భర్తకు చెప్పాను. ఆయన వినలేదు. వినకపోవడం ఆయన స్వభావం; ఈ స్వభావానికి ఇప్పటిదాకా నేను కృతజ్ఞత నమోదు చేయలేదు, ఇప్పుడు చేస్తున్నాను. తంతులు ఎక్కించిన తెడ్డును ఆయన మోసుకెళ్లి నడవలో గోడకు నిలబెట్టాడు. తెడ్డు వెడల్పాటి కొస గోడకు ఆనింది. మూట విసిరితే తాడు కొస తంతులకు తగిలింది.

ఇల్లు పలికింది.

చప్పుడు ఎటు నుంచి వచ్చిందో మాకు తెలియలేదు. కాళ్ల కింద నుంచి వచ్చింది, కప్పు నుంచి వచ్చింది, కట్టిన గిన్నెల్లోంచి వచ్చింది. బిరడాలు సరిగ్గా లేక శృతి కాస్త అపస్వరమే. కాని నిండుగా, ఆగకుండా మోగింది. మేం నిలబడి ఉన్నది బుర్ర లోపల.

పక్కగదిలో గోడకు వీపు పెట్టి కూర్చున్న అత్తగారు కళ్లు తెరిచారు.

"ఎవులమ్మా, సురుతి పెట్టినారు?"

నా భర్త నా వైపు చూపించాడు. నేను తెడ్డు వైపు చూపించాను. ఆవిడ లేచి వచ్చి తెడ్డునూ, తంతులనూ, చిప్ప గుర్రాన్నీ వేళ్లతో తడిమారు. ఇదంతా ఎప్పుడు చేశావనీ, ఎందుకు చేశావనీ అడగలేదు. నా చెయ్యి తీసుకుని, ఉలి దెబ్బలున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి చూశారు. తర్వాత, రెండో తంతి దిగిపోయింది, ఎక్కించు అన్నారు.

ఎక్కించాను. గుర్రానికీ తంతికీ మధ్య నూలుపోగు పెడితేనే జీరగా పలుకుతుందని ఆవిడే గుర్తు చేశారు. నా చీర అంచులోంచి నాలుగు పోగులు లాగాను. తెడ్డును నిలపడానికి గోడకు పైన మేకు దిగలేదు, తాడుతో బిగించాం. నా భర్తకు తంతులు మీటే పని అప్పగించాం. ఏ పనైనా కూర్చుని చేసేదైతే ఆయన అభ్యంతరం చెప్పడు.

అత్తగారు మళ్లీ గోడకు వీపు ఆనించి కూర్చుని, గొంతు సవరించుకుని, గుల్లలపేట దగ్గర ఎత్తుకున్నారు. మొగిలివలస దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. బస్సు మొగిలివలసలో ఆగింది, కోళ్ల గంపతో ఉన్నామె ఎక్కింది, కండక్టరు తిట్టాడు, బస్సు కదిలింది. ఎక్కడా దారి తప్పలేదు.

నమోదు 12

అదే సాయంత్రం. ఇల్లు పలికితే మా వరస నీళ్లన్నీ పలుకుతాయన్న సంగతి మాకు తెలియదు. ముందు గున్నమ్మ వచ్చింది. గుమ్మంలో నిలబడి పాట పూర్తయ్యేదాకా విని, లోపలికి వచ్చి, అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుని, గోడకు నోరు పెట్టింది. "అప్పా, మొన్నటి మాట నాను అన్లేదనుకో."

అత్తగారు వినబడనట్టు ఊరుకున్నారు. వినబడిందని అందరికీ తెలుసు.

ఆ వెనుకే సన్యాసిరావుగారు వచ్చారు. మర్నాడు ఇంటిని లాగడానికి తాళ్లు ఎక్కడ కట్టాలో గుర్తు పెట్టుకునే పని మీద వచ్చారు. చుట్టూ పడవలో తిరిగి, నీటి గీత చూసి, లోపలికి వచ్చి, ఇల్లు ఇదివరకటి కంటే పైకి తేలుతోందని ఒకింత ఫిర్యాదు ధోరణిలో తెలియజేశారు. ఎండింది, తేలికైంది, అన్నాడు నా భర్త. కారదు, మొలవదు, అలగదు అని నేను చేర్చాను. దీనికి నమూనా పత్రంలో గడి లేదని ఆయన అన్నారు. ఆ పత్రం తయారు చేసిన విభాగం నాదే కాబట్టి, గడి చేరిస్తే చేరుతుందని మనవి చేశాను. పైవారు ఒప్పుకుంటారా అని అడిగారు. కింది విభాగం పరిశీలించినదైతే ఒప్పుకుంటారని చెప్పాను.

ఆయన ఆలోచిస్తూ గోడకు ఆనుకున్నారు. తంతులు మోగుతున్నాయి. గోడ ఆయన వీపులోకి పలికి ఉంటుంది. తాళ్ల గుర్తుల సంగతి మరిచిపోయారు.

అత్తగారు ఆయన్ని చూశారు.

"నీదే ఊరు, బాబూ?"

ఆయన గోడ వైపు తిరిగి, నోరు ఆనించి, తన ఊరు తనకు తెలియదని, పడవలోనే పుట్టానని, అమ్మది మాత్రం దిబ్బలగూడెమని చెప్పారు. మా బస్సు దిబ్బలగూడెం వెళ్లదు. అది మెయిన్ రోడ్డుకు లోపల. అత్తగారు కళ్లు మూసుకుని కొంచెం సేపు తంతులు విన్నారు. తర్వాత పాట మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నారు. ఉప్పుగెడ్డ దాటాక బస్సు ఎప్పుడూ తిరగని వైపు తిరిగింది, బురదలో దిగబడింది, జనం దిగి తోశారు, దిబ్బలగూడెంలో ఒక పిల్ల నెత్తిన తాటిముంజల బుట్టతో ఎక్కింది. ఎక్కిన పిల్ల పేరు ఏమని పెట్టమంటావని ఆవిడ మధ్యలో ఆగి అడిగారు.

సన్యాసిరావుగారు చెప్పారు. ఆవిడ వాళ్లమ్మ పేరుతోనే పిల్లను బస్సులో కూర్చోబెట్టారు.

ఆ తర్వాత జరిగిన దానికి ఏ నిబంధన వర్తిస్తుందో నాకు తెలియదు. బయట పడవల్లో ఉన్నవాళ్లు లోపలికి వచ్చారు. ఒకరిది బూరెలపాలెం, ఒకరిది కంచరగెడ్డ, ఒకరిది పేరు లేని వాడ. అందరూ గోడకు నోరు పెట్టి చెప్పారు. చెప్పిన ఊళ్లన్నీ బస్సు దారిలోవి కావు. అందరూ ఒక్కసారి చెబితే ఎలాగని అత్తగారు కసిరి, వచ్చినవాళ్లను ఊళ్లు వచ్చే వరసలో, బస్సులో కూర్చున్నట్టు కూర్చోమన్నారు. వరస తెలిసినవాళ్లు ఎవరూ లేకపోవడంతో ఆవిడే చేత్తో చూపించి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టారు. కంచరగెడ్డ వంటగది గడపలోకి వచ్చింది. గున్నమ్మకు కిటికీ పక్కన చోటు పడింది. నా భర్త చేతులు నొప్పి పుడుతున్నాయని ఒక్కసారి కూడా అనకుండా మీటుతూ ఉన్నాడు.

మా పడకగదిలో, కట్టిపెట్టిన మూటల మీద, దిబ్బలగూడేనికీ రెల్లిపాలేనికీ మధ్య చోటు కొంచెం ఇరుకుగా ఉన్నందున కాయల శాఖ పర్యవేక్షకులు లేచి నిలబడి, పక్కనున్న ముసలామెను కూర్చోమన్నారు.

బస్సు కదిలింది.